వదిన శుద్ధి చేసిన మిషను

పొద్దున ఆరూ నలభైకి మా వదిన కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని కుర్చీలోనే నిద్రపోయింది. రాత్రి పెందరాళే పడుకున్న మనిషి. తల ఒక పక్కకు వాలింది, గురక మొదలైంది, మధ్యలో ఆగిపోయింది. నేను పొయ్యి దగ్గర నిలబడి వింటున్నాను. కాసేపటికి ఉక్కిరిబిక్కిరై పెద్దగా ఊపిరి తీసుకుంది. కాఫీ చీర మీద ఒలికింది.

ఆ ఆగడం నాకు తెలుసు. మా ఆయనకూ అదే జబ్బు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఆయన ముక్కుకు మాస్కు పెట్టుకుని, గాలి పంపే మిషను పక్కన పెట్టుకుని పడుకునేవారు. పోయిన ఏడాది హొసకోటెలో ఆఫీసులో ఉండగా గుండెపోటు వచ్చి పోయారు. వదిన ఆయన అక్క. ఇప్పుడు ఈ ఇంట్లో మేమిద్దరమే.

ఆసుపత్రిలో పరీక్ష చేసి అదే అన్నారు. ఇంట్లో మిషను ఉందని చెప్పాను. "తీసుకురండి, ఆమెకు తగ్గట్టు గాలి ఒత్తిడి మార్చి ఇస్తాం. ఊపిరి తగిలే భాగాలు మాత్రం కొత్తవి వేయాలి" అన్నాడు డాక్టరు. ముక్కు కొలత తీశారు. ఆయనదే సైజు. ఆ ఇంట్లో అందరిదీ ఒకే ముక్కు.

కొత్త భాగాలు అలమారలో ఉన్నాయి. ఆయన పద్ధతి అది: ఒకటి వాడుకలో ఉంటే ఒకటి అరలో ఉండాలి. ఈ ఊళ్ళో ఏ సామాను కావాలన్నా దొరుకుతుంది, ఇది మాత్రం ఆర్డరు పెట్టాక ఎప్పుడొస్తుందో చెప్పరు. అందుకని ఒక మాస్కు, దానికి ముక్కు దగ్గర తొడిగే మెత్తటి కుషన్లు, తల పట్టీలు, ఫిల్టర్లు, ఒక ట్యూబు, గాలిని తడిపే నీళ్ళ డబ్బా ఒకటి. ఆయన పోయాక బట్టలు, దుప్పట్లు ఇచ్చేశాం. వాడిన మాస్కూ ట్యూబూ నేనే పారేశాను. ఇవి మిగిలాయి. వీటిలో ఆయన ఊపిరి ఉందని నేను అనను. ఇవి సీలు తీయని ప్లాస్టిక్కు.

వదిన ముట్టుకోలేదు.

"పోయినోని వస్తువు ముక్కుకు పెట్టుకుంటారా ఎవురన్నా?"

"వదినా, ఇవి ఆయన వాడినవి కావు. సీలు కూడా తీయలేదు."

"సీలుదేముండాది? తెచ్చిండేది వాని కోసమే గదా. పుస్తకాలు సదివి సదివి నీకు మైల అనేదే లేకుండా పోయింది."

మైల తీరి నెలలైంది అన్నాను. ముక్కుకు పెట్టుకునే దానికి లెక్క వేరే అంది. ఆ వారమంతా ఇదే వాదన. ఒక మధ్యాహ్నం పొయ్యి ముందు పీట మీద కూర్చునే నిద్రపోయింది, పప్పు మాడింది. చీర కొంగు పొయ్యికి దగ్గరగా ఉంది. నేను అరిచాను. మా ఇంట్లో ఎవరూ అరవరు. ఒక మనిషి పోయాడు చాలదా అన్నాను.

తరవాతి శుక్రవారం బ్యాంకు నుంచి వచ్చేసరికి ఇల్లంతా పొగ. అలమార తెరిచి ఉంది. ప్యాకెట్లన్నీ చించేసి ఉన్నాయి. కుషన్లు, పట్టీలు, ట్యూబు పసుపు నీళ్ళ బకెట్లో మునిగి ఉన్నాయి. మిషను దేవుని గూటి ముందు ఉంది, దాని వెనకే సాంబ్రాణి గిన్నె. మిషను నడుస్తోంది.

"నువ్వు సెప్పిన మాటే ఇన్న్యా. శుద్ధి చేసినా" అంది, తృప్తిగా. "పైపైన వేస్తే ఏం లాభం, లోపలికి పోవాల గదా. అందుకే స్విచ్చి వేసినా. బాగా పీల్చుకునింది, మ్మే."

నేను స్విచ్చి ఆపి కుర్చీలో కూర్చున్నాను. ఆమె నా కోసం మిషనును ఒప్పుకున్న రోజునే మిషను పోయింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

మిషన్లు అమ్మే దుకాణంలో అతను మూత తీసి వాసన చూశాడు.

"ఏనమ్మా ఇది, ఏం చేశారు?"

"శుద్ధి చేసినామప్పా" అంది వదిన.

"లోపలి స్పాంజి అంతా పట్టేసింది. ఈ వాసన పోదు. ఇది వేసుకుని పడుకుంటే రాత్రంతా పొగ పీల్చినట్టే."

"దేవుని పొగే గదప్పా."

"ఊపిరితిత్తులకు ఆ తేడా తెలీదమ్మా."

ఆటోలో వదిన రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. కొత్త మిషను వచ్చేదాకా అదే రకం ఒకటి అద్దెకు తెచ్చుకున్నాం. తల పట్టీలు బిగించి మాస్కు చూపించాను. కుషన్ పసుపుపచ్చగా ఉంది, సబ్బుతో ఎంత కడిగినా రంగు వదలలేదు. కొత్తది తెప్పిస్తానంటే వద్దంది. ఇదే కావాలి, ఇది శుద్ధమైంది. పెట్టుకుని పడుకుంది. గురక లేదు.

ఇప్పుడు రోజూ కుషన్ కడిగి నీడన ఆరబెట్టేది నేనే. డబ్బాలో ఫిల్టరు నీళ్ళు కాచి చల్లార్చి పోయాలి, ట్యాంకరు నీళ్ళు పోస్తే సున్నం కడుతుంది. వదినకు అదంతా నేను పెట్టుకున్న అనవసరపు చాకిరీ. పైగా, ఆయన ఉన్నప్పటిలాగే, ప్రతి శుక్రవారం గూటి ముందు సాంబ్రాణి గిన్నె వెలిగించడం మానలేదు, మిషను పక్క గదిలో ఉంది కదా అని. మిషనుకు కొత్త ఫిల్టరు వేసి రెండు వారాలు కాకముందే బూడిద రంగుకు తిరిగింది. ఆయన దాచిన ఫిల్టర్లు ఒక్కొక్కటే అయిపోతున్నాయి.

నేను ఈసారి వాదించలేదు. మాసిన ఫిల్టరూ తెల్లదీ పక్కపక్కన ఆమె అరచేతిలో పెట్టాను.

మాసినదాన్ని వేలితో రాసి చూసింది.

"ఇదంతా నా ముక్కులోకి పోతుండెనా?"

"పోయేదే. ఇది ఆపింది."

"వానికి కూడా పోయిండునా, అప్పుడు?"

ఆయన ఉన్నప్పుడు ఫిల్టర్లు ఆయనే మార్చుకునేవారు, ఎప్పుడూ ఏమీ అనలేదు. తెలియదన్నాను. అది నిజం. వదిన లేచి వెళ్ళి గిన్నెలోని బూడిద కుండీలో దులిపింది, గిన్నె తోమి అటక మీదికి ఎక్కించమని నాకిచ్చింది.

మా ఇంట్లో ఇప్పుడు సాంబ్రాణి వేయడం లేదు.