మీకొక్కరికే, కసేరా

మా సుక్రే ఊళ్లో మొగుణ్ని మార్చినా నలుగురూ ఊరుకుంటారు కానీ, కసేరాను మారిస్తే ఊరుకోరు. బజారులో అమ్మే మనిషీ, ఎప్పుడూ ఆమె దగ్గరే కొనే మనిషీ ఒకరికొకరు కసేరాలు. పిలుపు రెండు వైపులా అదే. మాంసమూ పులుసూ కూరి కాల్చిన కజ్జికాయల్లాంటి సాల్తెన్యాలకు నాకొక కసేరా ఉంది, పొద్దున పదిలోపు వెళ్లకపోతే ఆమె గంప ఖాళీ. పళ్లరసానికి ప్రిమితీవా ఉంది. బంగాళదుంపలకు మాత్రం ఇరవై రెండేళ్లుగా ఒక్కతే.

తెల్ల టోపీ, రెండు జడలు, కుచ్చిళ్ల పావడా. నా రెండు గర్భాలు నిలవకపోవడం మా అత్తగారి కంటే ముందు ఆమెకే తెలుసు. మా ఆయన అజీర్తి సంగతీ తెలుసు, కుట్టుమిషను ముందు కూర్చుని నా నడుం ఏ రోజు పట్టేసిందో కూడా తెలుసు. తూకం అయ్యాక అటూ ఇటూ చూసి, పావడా కింద చెయ్యి పెట్టి, గుప్పెడు ఎర్ర దుంపలు తీసేది.

"ఇవి మీకొక్కరికే దాచా కసేరా. ఎవరితోనూ అనకండి."

నేను అనలేదు. అసలు కంటే కొసరు ముద్దు కదా, ఆ గుప్పెడు కోసమే వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని.

మొన్న మార్చిలో ఒక బుధవారం వెళ్లేసరికి ఆమె కొట్టు మీద పట్టా కప్పి ఉంది. ఎదురు వరసలో ఎత్తు పీట మీంచి ప్రిమితీవా కేకేసింది.

"పొద్దున్నే కడుపు పట్టుకుని కూలబడిపోయింది తల్లీ! మూటలు మోసేవాళ్లు ఆసుపత్రికి ఎత్తుకెళ్లారు. నువ్వు పద, నేను కొట్టు కట్టేసి వస్తా."

సంచీ పట్టుకుని అలాగే పరిగెత్తాను. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"ఎవరి కోసం?"

"మా కసేరా కోసం."

"పేరు?"

నోరు తెరిచాను. చెప్పడానికి లోపల ఏమీ లేదు. ఇరవై రెండేళ్లు! ఆమె పేరు ఒక్కసారీ అడగలేదు.

"పేరు తెలియని చుట్టరికమా అమ్మా?" అని వాడు నవ్వాడు.

"బజారు నుంచి పొద్దున తెచ్చిన దుంపలావిడ, తప్పుకో!" అని వాణ్ని దాటేశాను.

లోపల వరండాలో ఆరుగురు ఆడవాళ్లున్నారు, అందరి చేతుల్లోనూ బజారు సంచులే. నర్సు బయటికొచ్చింది.

"పేగు పగిలింది, లోపల రక్తం పోతోంది. ఇప్పుడే కోయాలి. కనీసం ముగ్గురు రక్తం ఇస్తేగాని రక్తనిధి వాళ్లు మాకు సంచులు ఇవ్వరు. ఆవిడ మనుషులెవరు?"

"నేను" అన్నాం, ఏడుగురమూ.

వాళ్లలో మందుల షాపాయన భార్య నన్ను ఎగాదిగా చూసింది. "మీరెవరండీ? ఆవిడకు కసేరాను నేను. పదిహేనేళ్ల నుంచి!"

"నేను ఇరవై రెండేళ్ల నుంచి. నాకొక్కదానికే పావడా కింద దుంపలు దాస్తుంది, తెలుసా?" అన్నాను. ఆ మాట నోరు జారింది.

ఇంకొకావిడ, వకీలుగారి వంటమనిషి, మెల్లగా అడిగింది. "ఎర్రవా?"

"ఎర్రవే."

"ఎవరితోనూ అనొద్దంటుందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మొగుడికి ఇంకో ఆరు కాపురాలున్నాయని తెలిసినట్టయింది. అంత జబ్బుతో పడి ఉందని కూడా చూడకుండా లోపలికి వెళ్లి నిలదీయాలనిపించింది.

"మీ తగువు తర్వాత" అంది నర్సు. "ముందు ఆవిడ పేరు చెప్పండి, కాగితం మీద రాయాలి."

ఏడుగురిలో ఒక్కరికీ తెలియదు. అప్పుడే ఏప్రన్‌తో రొప్పుతూ ప్రిమితీవా వచ్చింది. అందరం ఆమె మీద పడ్డాం. పేరు, పేరు చెప్పు!

"నాకేం తెలుసు? నేనూ అక్కడే కొంటా, కసేరా అనే పిలుస్తా!" అని, ఆ మాట తనకే వినబడి అక్కడే బల్ల మీద చతికిలపడింది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నా పోయిన బిడ్డల కోసం ఆ మనిషి కన్నీళ్లు పెట్టుకుంది. ఆమెకు పిల్లలున్నారో లేదో ఒక్కసారైనా అడిగానా? సిగ్గుతో తల పైకి లేవలేదు. రవిక చెయ్యి పైకి మడిచి నర్సు ముందు పెట్టాను. నా వెనక మిగతా ఏడుగురూ మడిచారు. కాగితంలో 'రోగికి ఏమవుతారు' అన్నచోట ఎనిమిదిమందిమీ 'కసేరా' అనే రాశాం. నర్సు కొట్టెయ్యలేదు, ఆమెదీ ఈ ఊరే.

"కొసరుగా ఇంకో గిద్దెడు తీసుకో తల్లీ" అంది ప్రిమితీవా, సూదిని చూడలేక కళ్లు మూసుకుని.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కళ్లు తెరిచింది. నర్సు పేరడిగితే సన్నగా చెప్పింది, ఇలారియా చోకెవిల్కా అని. అప్పుడు మంచం చుట్టూ ఉన్న మమ్మల్ని చూసింది. ఎనిమిది మొహాలూ ఒక్కచోట చూసి ఆమె కళ్లు ఇంతలేసి అయ్యాయి. దుప్పటి లాక్కుని మొహం కప్పేసుకుంది.

"అయ్యో, అందరూ ఒకేసారి వచ్చారేంటి!" అంది లోపల్నుంచి.

నెలన్నరకు కొట్టు తెరిచింది.

"ఎలా ఉన్నారు ఇలారియా గారూ?" అన్నాను.

ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది. "ఎవర్ని పిలుస్తున్నారు కసేరా?"

తూకం వేసింది. అటూ ఇటూ చూసి, పావడా కింద చెయ్యి పెట్టింది.

"ఇవి మీకొక్కరికే దాచా. ఎవరితోనూ అనకండి."

అంత జరిగాక కూడా నవ్వన్నది లేకుండా, నిజంగా నాకొక్కదానికే అన్నట్టు అంది. పక్కన స్తంభం చాటున మందుల షాపాయన భార్య సంచీతో తన వంతు కోసం నిలబడి ఉంది. దుంపలు సంచీ అడుగున దాచుకుని, ఆవిడను చూడనట్టే నేను నడిచి వెళ్లిపోయాను.