ఎడమ చేత్తో మూతపడే చాకు

చాకు కొనేటప్పుడు అందరూ తెరిచి చూస్తారు. దుకాణంవాడూ తెరిచే చూపిస్తాడు. టక్కుమని బ్లేడు బయటికి రాగానే కొనేవాళ్ల మొహం వెలిగిపోతుంది, బేరం కుదిరిపోతుంది. మొదటిసారి నేనూ అట్లాగే పడ్డాను. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెప్తాను: ముందు మూసి చూడండి, తెరిచేది తర్వాత చూద్దురు గానీ. ఈవిడకు చాకుల సంగతి ఏం తెలుసని మూతి విరిచేవాళ్లకు నా నడుము సంచిలో ఉన్నదాన్ని తీసి చూపిస్తాను.

నాకిప్పుడు పనిచేసే చెయ్యి ఒకటే. కిందటేడాది పసుపు ఉడకబెట్టే రోజుల్లో కడాయి పక్కన తడినేల మీద జారి కుడి మోచేతి మీద పడ్డాను. ఎముక అతికింది గానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. నిజామాబాద్‌లో చూపిస్తే నరం దెబ్బతిన్నదని, ఎడమ చేతిని అలవాటు చేసుకోమని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. అప్పటినుంచి నా కుడి చెయ్యి దేన్నైనా అదిమి ఉంచడానికి పనికొస్తుంది, పట్టుకోవడానికి పనికిరాదు. ఏడ్చినన్నాళ్లు ఏడ్చాను. తర్వాత ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం, చీర చెక్కుకోవడం, ఫోన్ నొక్కడం ఒక్కోటే నేర్చుకున్నాను. చేతకానిది ఒక్కటి మిగిలింది, పసుపు సంచి మూతి కోయడం.

అదేమంత పెద్ద పని అనుకోకండి. మాది నందిపేట్ దిక్కు పల్లె. పండించేది నేనూ మా ఆయనా కలిసే, అమ్మేది మాత్రం నేను. ఆయన బొత్తిగా మెత్తని మనిషి, ఎదుటివాడు జర గొంతు పెంచితే "సరే తియ్యి" అనేస్తాడు. అందుకని పెళ్లైన కొన్నాళ్లకే ఆర్మూరు మార్కెట్లో సంచుల పక్కన నిలబడే పని నా మీదికొచ్చింది. కొనే సేటు వచ్చి ఏ సంచి మీద వేలు పెడితే ఆ సంచి కోయాలి. మనం ముచ్చటపడి ముందు పెట్టుకున్నది కుదరదు. కోయడానికి తటపటాయించామా, అడుగున ఏదో దాచామని అనుమానం. టకటకా కుట్లు తెంపి, కొమ్ములు అతని ముందు పోసి, చూసుకో అన్నట్టు దర్జాగా నిలబడాలి. ధర ఆ నిలబడటంలో కూడా కొంత ఉంటుంది.

చెయ్యి కట్టులో ఉండగా ఆ ఏటి పసుపును మా మరిది అమ్ముకొచ్చాడు. మంచివాడే, కానీ కాలు ఒక చోట నిలవదు. మొదట వచ్చిన సేటు చెప్పిన మొదటి మాటకే తలూపి, మధ్యాహ్నం అన్నానికల్లా ఇంట్లో ఉన్నాడు. నడుం వంచి నేను కలుపు తీసిన పసుపు అంత చవగ్గా పోయిందని తెలిసి నాకు ముద్ద దిగలేదు. ఈ ఏడు కూడా ఎండిన పసుపు సంచులకెత్తుతుండగా వచ్చి నిలబడ్డాడు.

"నేను పోయొస్త తియ్యి వదినా. నీకెందుకు తిప్పలు?"

"నాకు చెయ్యి పోయింది గని నోరు పోలేదు."

"నోటితోని సంచి కోస్తవా?" అని నవ్వాడు.

నిజానికి ముందు రోజే పాత మడత చాకును పళ్లతో తెరవబోయి పెదవి కోసుకున్నాను. ఆ ముచ్చట వాడికి చెప్పలేదు. వంటింటి కత్తిని నడుము సంచిలో పెట్టుకుంటే అది సంచినీ చీర కుచ్చిళ్లనూ కలిపి కోసింది. ఇక ఒక్క చేత్తో తెరుచుకునే మడత చాకు తప్ప దారి లేదని తేలిపోయింది. తెల్లారి ఆటో ఎక్కి ఆర్మూరు బజారుకు పోయాను.

గడ్డపారలు, తాళాలు, గొలుసులు అమ్మే దుకాణం అది. మా ఇంటి పారలన్నీ అక్కడివే. దుకాణం భాయ్ చాకులన్నీ బల్ల మీద పరిచాడు. మొదటిది మీట నొక్కితే స్ప్రింగు మీద ఎగిరి వచ్చేది. నా నడుములోనే ఎగిరితే నా గతేంటని పక్కకు జరిపాను. రెండోదానికి సగం బ్లేడు రంపం పళ్లే. దాన్ని ఎట్లాగైనా నాకు అంటగట్టాలని చూశాడు.

"సుతిలి తాడుకు గిదే మస్తుంటది అక్కా. జర గుంజితే సాఫ్ తెగుతది."

"తాడు తెగుతది, గోనె గూడ పీకుతది. మొద్దువారితే గీ పళ్లను ఏడ సాన పట్టాలె? నా వాకిట్ల రాయి ఉన్నది. పళ్లు లేని సాదా బ్లేడు జూపియ్యి భాయ్."

తిన్నని అంచు మీదే నాకు నమ్మకం. మొద్దుబారిందంటే రాయి మీద కాసిని నీళ్లు చల్లి పది సార్లు అటూ ఇటూ లాగితే మళ్లీ దారికొస్తుంది, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. మూడో చాకు నేను అడిగినట్టే ఉంది. బ్లేడు మొదట్లో చిన్న బొడిపె, ఎడమ బొటనవేలితో తోయగానే టక్కుమంది. ప్రాణం లేచొచ్చింది. భాయ్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, తనే మూసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. రెండు చేతులతో మూశాడన్న సంగతి ఆ సంబరంలో నా కంటికి ఆనలేదు.

ఇంటికొచ్చి, అరుగు మీద మా ఆయన ముందు కూర్చుని, టక్కుమని తెరిచాను. "అబ్బో" అన్నాడు. మూయబోతే మూతపడదు. పిడి వెనక మీట నొక్కి పట్టడానికి ఒక చెయ్యి, బ్లేడు మడవడానికి ఇంకో చెయ్యి కావాలి. తొడకు ఆనించి చూశాను, గోడకు ఆనించి చూశాను. వచ్చి కదలని చుట్టంలాగా నోరు తెరుచుకుని నా చేతిలోనే కూర్చుంది.

"ఇటియ్యి, నేను మూస్త."

"నువ్వు ముట్టకు."

"మరి మార్కెట్ల ఎట్ల జేస్తవ్?"

"మార్కెట్ల నేను తెరుసుకుంట పోత, నువ్వు నా ఎనక మూసుకుంట రా!"

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం చాకు మీద కాదు, ఒళ్లో చచ్చుగా పడి ఉన్న కుడి చెయ్యి మీద. ఆయన లేచి చాయ్ పెట్టడానికి లోపలికి పోయాడు.

మర్నాడు తెరిచిన చాకును అట్లాగే తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఆటో ఎక్కాను. "ఏందక్కా గంత పైలంగ పట్టుకున్నవ్, పసిగుడ్డా?" అంది పక్కనామె. "పసిగుడ్డే గని జర కరుస్తది" అన్నాను. దుకాణంలో తువ్వాల విప్పి బల్ల మీద పెట్టాను.

"దీన్ని మూసి చూపియ్యి భాయ్. ఎడమ చేత్తోని."

గదేం పెద్ద పని అన్నట్టు కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని మొదలుపెట్టాడు. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. ఆ తర్వాత పంతం కూడా పట్టింది. పైన అరలో ఉన్న డబ్బాలన్నీ దించాడు. ఒకదానికి పిడి లోపల రేకు ఉంది, దాన్ని పక్కకు నొక్కితే మూతపడుతుంది. కానీ అది కుడి బొటనవేలి కోసం చేసింది. ఎడమ చేత్తో నొక్కితే వేలు సరిగ్గా బ్లేడు దారిలోనే ఉంది. "ఉన్న చెయ్యి గూడ కోసుకోవాల్నా?" అన్నాను. చివరికి ఒకటి దొరికింది. పిడికి రెండు పక్కలా చిన్న బొడిపెలున్నాయి. వాటిని వేళ్ల మధ్య పట్టి వెనక్కి లాగితే బ్లేడు వదులై, మణికట్టు కాస్త తిప్పగానే వేళ్లకు దూరంగా వచ్చి మూతపడుతుంది. భాయ్ ఎడమ చేత్తో మూశాడు. నేనూ మూశాను. మళ్లీ తెరిచి మళ్లీ మూశాను.

"ఇన్నేండ్లసంది అమ్ముతున్న, మూసి చూపియ్యమన్నోళ్లు ఒక్కరు లేరక్కా" అంటూ నిన్నటిది వాపసు తీసుకున్నాడు.

మార్కెట్‌కు పోయేదాకా రోజూ సాధన చేశాను. ఖాళీ గోనె సంచుల్లో ఊక నింపి మూతులు మా ఆయన దబ్బనంతో కుట్టేవాడు, నేను కోసేదాన్ని. "కుట్టుడు నాది, కోసుడు నీది, గిదేం కాపురమే!" అని సణిగేవాడు. సణుగుతూనే ఇంకో సంచి కుట్టేవాడు.

మార్కెట్‌కు మరిది కూడా వచ్చాడు, తోడు కోసమన్నాడు. పొద్దున్నే సేటు వచ్చి, రెండో వరసలో ఎక్కడో మూలకున్న సంచి మీద వేలు పెట్టాడు.

"నేను కోస్త సేటూ" అని మరిది ముందుకు దూకాడు.

"జరుగు" అన్నాను.

కుడి మోచేతితో సంచి మూతిని అదిమి పెట్టాను. ఎడమ చేత్తో చాకు తీసి తెరిచి, తాడు కిందికి పోనిచ్చి లాగాను. కుట్లు వరసగా తెగాయి, గోనె పోగు ఒక్కటి లేవలేదు. కొమ్ములు జలజలా కిందికి జారాయి. అదే చేత్తో చాకు మూసి నడుము సంచిలో వేసుకుని, ఒక మంచి కొమ్ము తీశాను. సేటు అరచెయ్యి చాచాడు. అప్పుడు ఆగిపోయాను.

నా చేతిలో ఉన్నది పసుపు, ఆ చెయ్యి ఎడమ చెయ్యి. మా ఇళ్లల్లో పసుపు ఎడమ చేత్తో ఇవ్వరు. బొట్టు పెట్టేటప్పుడు పొరపాటున ఎవరి ఎడమ చెయ్యి ముందుకొచ్చినా పదిమందీ ఆ చేతినే చూస్తారు. అన్నీ సాధన చేసిన దాన్ని, ఇది నాకు తట్టనే లేదు. పక్క సంచుల దగ్గరి రైతులు ఇటే చూస్తున్నారు. సిగ్గుతో మొహం వేడెక్కింది.

"ఇటు తే వదినా, నేనిస్త" అన్నాడు మరిది మెల్లగా. పాపం, నా పరువు కాపాడాలనే అన్నాడు.

"ఎడమ చెయ్యి సేటూ" అన్నాను. "ఇప్పుడు నా చెయ్యి గిదే." కొమ్మును అతని అరచేతిలో పెట్టాను.

సేటు నా చేతి వంక చూడలేదు, కొమ్ము వంక చూశాడు. పటుక్కున విరిచి, లోపలి రంగు ఎండకు పెట్టి, వాసన చూసి ఒక ధర చెప్పాడు. పక్కన మరిది తల అప్పుడే ఊగడం మొదలైంది.

"ఇంకో సంచి జూసి చెప్పు సేటూ" అన్నాను. "ఏది కొయ్యాల్నో నువ్వే చూపియ్యి."

సేటు మరిది వైపు చూడను కూడా చూడలేదు. వరసల మధ్యకు నడిచి ఇంకో సంచి మీద వేలు పెట్టాడు.

"గిది కొయ్యమ్మా" అన్నాడు నాతో. నేను చాకు తీశాను.