ట్యూబు మీద పేరు రాసే డాక్టరమ్మ

మా అమ్మాయి చర్మానికి మందిచ్చే నల్లగొండ డాక్టరమ్మ చనిపోయారు. చిట్యాలలో నా సబ్బుల దుకాణానికి వచ్చిన ఒకాయన చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ట్యూబు అయిపోవచ్చింది, సోమవారం రమ్మన్నది ఆమే కదా!

కోపం తెప్పించడం ఆమెకు కొత్త కాదు. మొదటిసారి పోయినప్పుడు, మోచేతి మడతల్లో గోకి గోకి నెత్తురు తెచ్చుకున్న పిల్లను చూపిస్తే, మందు రాయరే! ఏ సబ్బు? బోరు నీళ్లా? ఎండకు ఎక్కువా, చలికా? ఇంట్లో ఎవరికైనా ఆయాసముందా? బయట లైను గేటు దాకా ఉంది. ఫోన్‌లో చూసిన ముక్క అనకుండా ఉండలేకపోయాను.

"మేడం, రక్తం పరీక్ష చేస్తే ఎవరికి ఏ మందు పడుతదో తెలుస్తదట గదా. గది చేసి రాసియ్యరాదుండ్రి."

"గట్ల తెలిస్తే నాకీ నోరునొప్పి ఎందుకయ్యా? రక్తంల అలర్జీ సంగతి కొంత తెలుస్తది. గీ పిల్లకు గీ మందే అని చెప్పే గుర్తులు ఇంకా వెతుకుతున్నరు. దొరికేదాక నువ్వు చెప్పాలె, నేను వినాలె. ఆఁ, నీ దుకాణంల వాసన సబ్బులు ఇంట్లకు తేకు."

సబ్బులమ్ముకునేవాడికి చెప్పాల్సిన మాటేనా అది!

మా దగ్గర ఒకరికి పనిచేసిన ట్యూబు వాడకట్టంతా తిరుగుతుంది. ఖాళీది మెడికల్ షాపులో చూపించి "గిదే ఇయ్యి" అంటారు. మా అమ్మ కూడా పక్కింటి అక్క ఇచ్చిన ట్యూబు మనుమరాలి ముఖానికి చాలాకాలం పూసింది. ఎరుపు పోయిందని సంబరపడ్డాం. ఆపగానే ముఖమంతా మంట.

"అవ్వా, పక్కింటామె కళ్లద్దాలు నువ్వు పెట్టుకుంటవా?" అని మాతో వచ్చిన అమ్మను అడిగారు డాక్టరమ్మ.

"పెట్టుకుంటనమ్మా, బియ్యంల రాళ్లేరేటప్పుడు."

డాక్టరమ్మ తల పట్టుకున్నారు. అప్పటి నుంచి ట్యూబు మీద నల్ల పెన్నుతో పిల్ల పేరు రాసి ఇచ్చేవారు. "గిది దీనిది. అదీ చేతులకే. మొకానికి వేరే."

మందు మార్చడం, చూడడం, మళ్లీ మార్చడం. నాకు విసుగొచ్చేది, ఆమెకు రాలేదు. ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కా విడవని పిల్ల ఒకరోజు పొట్టి చేతుల గౌను కావాలంది. ఆ సంగతి చెబితే డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "ఏ రంగుది కొన్నవ్?" అన్నారు.

నిన్న ఆ పక్కింటి అక్కే వచ్చింది, దద్దుర్లెక్కిన మనుమణ్ణి చంకనేసుకుని. "తమ్మీ, మీ బిడ్డ ట్యూబు జర ఇయ్యి. గా డాక్టరమ్మ లేకపాయె."

"పేరు రాసుంది గదా అక్కా!"

"పేరు నాకెందుకు, మందు గావాలె గని!"

అరిచినంత పని చేశాను. వాణ్ణి నల్లగొండ తీసుకుపొమ్మన్నాను. సోమవారం మేమూ కొత్త డాక్టరు దగ్గరికి పోవాలి. ఆయన అడగకపోయినా సబ్బు, నీళ్లు, ఎండ, ఆయాసం అన్నీ కూర్చోబెట్టి చెబుతాను. లైను గేటు దాకా ఉండనీ.

పొద్దున అమ్మాయి ట్యూబు పిండుకుంది. అడుగు నుంచి మడుస్తూ వచ్చిన మడత పేరు దాకా వచ్చింది. పేరు మడతలో పోకుండా అక్కడ ఆపేసి, మూతి దగ్గర వేలితో నొక్కి తీసుకుంది.