రెండు వీశెల పుట్టిల్లు

విదేశంలో ఉన్న అక్కచెల్లెళ్లకు మన ఊరి వస్తువులతో తక్కువ ఖర్చులో ఒక మూట కట్టి పంపాలంటే, పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వరకు ఎక్కడ ఏం కొనాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. ఈ విషయంలో నాకున్న అర్హత ఒక్కటే. ఆ పని చేయబోయి దాదాపు చెడగొట్టినవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట ఇది. అణాలు ఇంకా పోలేదు, కొత్త పైసలు అప్పుడే వచ్చాయి. నాకు ఇరవై ఏళ్లు. పులివెందులలో ఒక చెనక్కాయల, అంటే వేరుశనగల, మండీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఇప్పుడు ఎనభై ఏడు. కింద రాసిన ధరలు చూసి మురిసిపోకండి, దారి మాత్రం ఇప్పటికీ అదే.

మా అక్క రాజమ్మను మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోట ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న మా బావకు ఇచ్చారు. మా అమ్మ అప్పటికే లేదు. అక్కకు తొలి కడుపు నిలవలేదు. రెండోసారి ఏడో నెల వచ్చిందని బావ రాసినప్పుడు, పుట్టింటి నుంచి చీర, గాజులు పంపాలి కదా అని నేనడిగితే, మా నాయన “సముద్రం దాటినోళ్లకు సారె ఏందిరా” అని కొట్టిపారేశాడు. ఆ బిడ్డ పుట్టిన మూడో రోజే పోయింది. ఆ తర్వాత అక్క మాకు ఉత్తరం రాయడం మానేసింది. నాయన పోయినప్పుడు కూడా బావే రాశాడు. గాజులు పంపనందుకు బిడ్డ పోతుందా అని మీరు అడగవచ్చు. పోదు. కానీ తనకు ఎవరూ లేరని అక్క అనుకుంది, అందులో తప్పు లేదు.

మళ్లీ రెండేళ్లకు బావ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అక్కకు మళ్లీ ఏడో నెల. “ఎవరినీ ఏమీ అడగొద్దని మీ అక్క ఒట్టు పెట్టించుకుంది. ఆమెకు తెలియకుండా రాస్తున్నాను” అన్నాడు. మలయాలోనే పినాంగు అనే ఊళ్లో బట్టల అంగట్లో పనిచేసే ప్రొద్దుటూరు మనిషి ఒకతను సెలవు మీద ఊరికొచ్చి ఉన్నాడట. భార్యను తీసుకుని వచ్చే గురువారం సాయంత్రం బయల్దేరుతున్నాడట. రెండు వీశెలకు మించకుండా ఏమైనా ఇస్తే తెస్తాడట. రెండు వీశెలంటే ఇప్పటి లెక్కలో మూడు కిలోలకు కాస్త తక్కువ. ఉత్తరం నాకు చేరింది మంగళవారం. ఇంట్లో ఉన్నవి పన్నెండు రూపాయలు, ఆడదిక్కు లేదు. సారెలో ఏమేం పెడతారో నేను ఎన్నడూ చూసింది లేదు. ఎవరినైనా అడగొచ్చు కదా అంటే, ఇరవై ఏళ్లకు అన్నీ తెలుసనే అనుకుంటాం.

బుధవారం పులివెందుల సామాను సిద్ధం చేశాను. మండీలోనే నాలుగు దోసిళ్ల చెనక్కాయలు వేయించుకున్నాను. కొత్త చింతపండు ఒక ఉండ, ఎండు మిరపకాయలు కొన్ని తీసుకున్నాను. చిన్నప్పుడు అక్క నువ్వుల చిమ్మిలి అంటే పడి చచ్చేది. నువ్వులు, బెల్లం కలిపి దంచి ఉండలు చేసే మిఠాయి అతని దగ్గర అర్ధ రూపాయికి ఇరవై ఉండలు చేయించాను. బాదం ఆకుల్లో చుట్టి డబ్బాలో పెట్టేసరికి ఇల్లంతా ఆ వాసనే. మూటంతటికీ అదే ప్రాణమని నాకు నేనే మెచ్చుకున్నాను.

గురువారం తెల్లవారి ఆరు గంటలకు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయే బస్సెక్కాను. టిక్కెట్టు రూపాయి రెండణాలు. కండక్టరుకు కొత్త పైసల లెక్క అనుకూలంగా వచ్చింది, ఎప్పుడు చిల్లర ఇచ్చినా పావు పైసా అరపైసా తన వైపే మిగిలేది. డ్రైవరు పక్క సీటు దొరికింది. నేను డబ్బాను కడుపుకు ఆనించి పట్టుకోవడం అతను ముద్దనూరు దాకా గమనిస్తూ వచ్చి, ఇక ఆగలేక అడిగాడు.

“ఏమప్పా, దాంట్లో ఏమన్నా బంగారం పెట్టుకొని పోతాండావా?”

“చిమ్మిలి మామా. మా అక్కకు పంపిస్తాండా.”

“యాడ ఉంటాది మీ యక్క?”

“మలయాలో.”

“మలయాకు చిమ్మిలా,” అని ఆ మాటను కాసేపు నమిలి, “అట్లయితే ఇంజను పక్కన పెట్టొద్దు, కరిగి పోతాది. కాళ్ల కింద పెట్టుకో,” అన్నాడు. ముద్దనూరులో పది నిమిషాలు ఆపుతారు, ఇడ్లీలు బాగుంటాయి. పెన్నలో ఆ రోజు నీళ్లు లేవు, ఇసకే. తొమ్మిదిన్నరకు జమ్మలమడుగులో దిగాను.

చీర కోసం సాలెవాళ్ల వీధికి పోయాను. మగ్గం మీదే కొంటే చవకని నా లెక్క. ఆ లెక్క అక్కడ చెల్లలేదు. నేసేవాడికి నూలు సావుకారు ఇస్తాడు, నేసిన చీర సావుకారుకే పోతుంది. మధ్యలో మనం పోయి కొంటామంటే నేతగాడు అమ్మలేడు. సావుకారు అంగట్లో తక్కువది తొమ్మిది రూపాయలు. మూడో ఇంట్లో ఒక పెద్దాయన మగ్గం ఆపకుండానే నా గోడు విన్నాడు. అక్కకు ఇద్దరు బిడ్డలు పోయారని చెప్పినప్పుడు మాత్రం చెయ్యి ఆపాడు. లోపల్నుంచి పచ్చని నూలు చీర ఒకటి తెప్పించాడు. నేయగా మిగిలిన నూలు పోగులన్నీ కూడబెట్టి తన కూతురి కోసం నేసుకున్నదట. అంచు సగం దాకా ఎరుపు. అక్కడ ఎర్ర నూలు అయిపోయి మిగతాది గులాబీ రంగు.

“ఆ గులాబీ అంచు కుచ్చిళ్లలోకి పోతాది లేప్పా. కట్టుకుంటే ఎవురికీ కనపడదు,” అన్నాడు. “శుభానికి కదా, నల్ల పోగు ఒక్కటి లేదు. చూసుకో.”

“మీ కూతురికి మరి?”

“దానికి ఇంకోటి నేస్తా. నూలు మిగలకుండా యాడికి పోతాది.”

నాలుగు రూపాయలు తీసుకున్నాడు. ఇంకో రూపాయి ఇవ్వబోతే అతని భార్య తీసుకోనివ్వలేదు. చీర కొసకు ఆమే పసుపు పూసి మడిచిచ్చింది. కొనడమంటే ఇలా కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

పదకొండు గంటల బస్సుకు ప్రొద్దుటూరు. పన్నెండుంబావుకు దిగి, భోజనం ఎగ్గొట్టి నేరుగా గాజుల అంగడికి పోయాను. కొలతకు అక్క పాత గాజు ఒకటి పెట్టెలోంచి తీసి తెచ్చాను. ఏడో నెలలో ఉన్న అక్కకని చెబితే గాజులాయన దాన్ని వేలికి తగిలించుకుని తిప్పి చూశాడు.

“ఇది పెండ్లి కానప్పటి గాజు కదప్పా. ఏడో నెలలో చెయ్యి ఇట్లనే ఉంటాదా? నీ చెయ్యి ఇటియ్యి.”

“నాదెందుకు?”

“ఒక తల్లి బిడ్డల చేతులు ఒక తీరుగా ఉంటాయి. ఇయ్యి.”

అంగట్లో నలుగురు ఆడవాళ్లు చూస్తుండగా నా చెయ్యి పిండి, కణుపులు నొక్కి, మూడు కొలతలు ఎక్కించి దించాడు. ఒకామె పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగవాడికి గాజులు తొడగడమంటే మామూలుగా తిట్టు కింద లెక్క. నేను తల వంచుకుని తొడిగించుకున్నాను. చివరికి రెండు డజన్లు ఆకుపచ్చవి, ఎర్రవి కలిపి దారానికి గుచ్చి, పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పద్నాలుగు అణాలు. పైన ఒకటి ఊరికే వేశాడు, దాన్ని లెక్కలో కలపకూడదట. చీర మడతల మధ్య గాజులు పెట్టి, చుట్టూ చెనక్కాయలు పోసి, డబ్బా పక్కన సర్దాను. కిరాణా అంగట్లో తూయిస్తే సరిగ్గా రెండు వీశెలు. నాకంటే సమర్థుడు ప్రొద్దుటూరులో లేడనిపించింది.

మూడు గంటలకు ఆ పినాంగు అతని ఇల్లు పట్టుకున్నాను. అతను ట్రంకు పెట్టెలకు తాళ్లు బిగిస్తున్నాడు. నాలుగున్నరకు జట్కా వస్తుంది, ఎర్రగుంట్లలో రైలు. అతని తల్లి ఖాసింబీ వసారాలో కూర్చుని ఉంది. అక్క సంగతంతా నా చేత చెప్పించుకుని, మూట అందుకుని బరువు చేత్తోనే చూసి, “మద్రాసు రేవులో అన్నీ విప్పి చూస్తారంట నాయనా. ఏమేం ఉండాయో మాకు తెల్సుండాల,” అని ముడి విప్పింది. చీర చూసి బాగుందంది. గాజులు చూసి తల ఊపింది. డబ్బా మూత తీసి వాసన చూసి, ఒక ఉండ చేతిలోకి తీసుకుంది.

“ఇవి ఎవురు పెట్టమన్నారు?”

“ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా. మా అక్కకు శానా ఇష్టం.”

“కడుపుతో ఉండే బిడ్డకు నువ్వులు పంపిస్తాండావా నాయనా? అందులో రెండుసార్లు పోగొట్టుకున్న బిడ్డకు? నువ్వులు, బెల్లం ఎంత వేడి అనుకుంటివి. మీ యింట్లో ఆడోళ్లు చెప్పలేదా?”

“మా ఇంట్లో ఆడవాళ్లు లేరు పెద్దమ్మా.”

ఇప్పటి డాక్టర్లు నువ్వుల గురించి ఏమంటారో నాకు తెలియదు. నువ్వులు తింటే కడుపు నిలవదన్నది మా సీమలో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి, నాకు తెలియలేదు. పంపినా అక్క వాటిని తిని ఉండేది కాదు. కానీ ఇన్నేళ్లకు పుట్టింటి నుంచి వచ్చిన మొదటి డబ్బా మూత తీసి, లోపల నువ్వులు చూసి ఉంటే ఏమనుకునేదో తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు చెమటలు పడతాయి. అక్కడే ఏడ్చాను. దాచడానికేముంది.

ఖాసింబీ డబ్బా ఖాళీ చేసి కడిగింది. ఇంట్లో ఉన్న రెండు కొబ్బరి చిప్పలు కోరి, బెల్లం పాకం పెట్టింది. కొడుకు రెండుసార్లు వచ్చి “టైం అయితాంది” అన్నాడు. “రైలు నా పాకం కంటే తొందరగా వస్తాదా? నువ్వు తాళ్లు బిగించుకోపో,” అంది. అరగంటలో కొబ్బరి లౌజు ముక్కలు కోసి డబ్బాలో పెట్టింది. మా చిమ్మిలి కంటే తూకం తక్కువే వచ్చింది. మూట మళ్లీ కడుతూ, ఉన్నట్టుండి చెయ్యి ఆపి అడిగింది.

“అన్నీ బాగుండాయి. గాజులు తొడిగేది ఎవురు?”

గాజులు మూటలో పోతాయి, తొడగడానికి పుట్టింటి ఆడమనిషి చేతులు కావాలి. తల్లో, పిన్నమ్మో, చెల్లెలో ఉండాలి. మాకు ఎవరూ లేరు. నేను వస్తువుల గురించి మూడు రోజులు ఆలోచించాను, మనిషి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

లోపలి గుమ్మం దగ్గర కొత్త కోడలు నూర్జహాన్ నిలబడి ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో, అదే మొదటిసారి ఊరు దాటడం. పొద్దున్నుంచి ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో వాళ్లు తురక మాట మాట్లాడుకుంటారు, ఆమె మాత్రం నాకు తెలియాలని తెలుగులోనే అత్తతో అంది.

“నేను పోయి తొడుగుతా అత్తా. నాకూ ఆడ ఎవురుండారు. ఆ తోట యాడుందో ఆ అన్నను రాసియ్యమను.”

“తోట శానా దూరం,” అన్నాడు ఆమె భర్త.

“ఎంత దూరమైనా మలయాలోనే కదా,” అంది ఖాసింబీ. అక్కడితో ఆ మాట అయిపోయింది. నేను కాగితం మీద తోట పేరు, అక్క పేరు రాసిచ్చాను. జట్కా వెనక ఎర్రగుంట్ల దారిలో కొంత దూరం నడిచి, తిరిగి వచ్చి పులివెందుల బస్సు కోసం కూర్చున్నాను. చిమ్మిలి ఉండలు ఖాసింబీ నా చేతిలోనే పెట్టింది. బస్సులో అందరికీ పంచాను. బాగున్నాయన్నారు.

మూడు నెలలకు అక్క చేతిరాతతో ఉత్తరం వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. నూర్జహాన్ బస్సు దిగి తోటలో రెండు మైళ్లు నడిచి వచ్చిందట. మూడు రోజులుండి, తలంటి, పచ్చ చీర కట్టించి, గాజులు తొడిగిందట. తోట కూలీల లైను ఇళ్లలో ఉండే ఆడవాళ్లు ఈమె ఎవరని అడిగితే, “మా చెల్లెలు, మా ఇంటి నుంచి వచ్చింది అని చెప్పినాను. నువ్వు కూడా అట్లనే చెప్పు,” అని రాసింది. నాయన మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఇలాంటి మూటలు ఎన్నో కట్టాను. సీమంటే ఏమిటో చూపించే వస్తువులు మన దగ్గర చవకగానే దొరుకుతాయి. చెనక్కాయలకు, చింతపండుకు, అంచు రంగు మారిన చీరకు పెద్ద ఖర్చేమీ కాదు. ఆ రోజు మొత్తానికి బస్సులతో కలిపి నాకు తొమ్మిది రూపాయలు అయింది. అందులో విలువైనదేదీ నా ఆలోచన కాదు. నేతగాడి ఇంట్లో, గాజుల అంగట్లో, ఖాసింబీ వసారాలో నాకు దొరికినవే అవన్నీ. రెండేళ్లకు అక్క రెండు ముక్కలు రాసింది: “నూర్జహాన్‌కు ఏడో నెల. వాళ్లమ్మ లేదు. సారె మన ఇంటి నుంచే పోవాల, పంపు.” పెళ్లయ్యాక అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. జమ్మలమడుగుకు మళ్లీ బస్సెక్కాను.

మీకు చెప్పదగ్గ చిట్కా ఒక్కటే. మూట ఎంత బాగా కట్టినా, పంపేముందు బిడ్డల్ని కన్న ఒక తల్లి చేత విప్పించి చూపించండి. ఆమె ఏదైనా తీసి పక్కన పెడితే ఎందుకని వాదించకండి. తూకంలో ఆ ఖాళీ ఎంతో చూసుకుని, అందులో ఏం పెట్టమంటుందో ఆమెనే అడగండి.