షేర్వానీకి తెలిసిన నడుము

మా తాత పెద్దేముల్ చుట్టూ పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా నాయన ఎదుట ఎవరూ కూర్చునేవారు కాదు. నేను మాత్రం వికారాబాద్ స్టేషన్‌లో తూకం యంత్రాన్ని తన్నుతున్నాను. ఒళ్లు తగ్గకపోతే చక్కెర వ్యాధి బతకనివ్వదని డాక్టరు చెప్పాడు. మూడు నెలలు రోజూ నడిచినా చీటీ మీద పాత బరువే పడింది.

బెంచీ మీద కూర్చున్న ఒక ముసలి దర్జీ లేచి వచ్చి, మెడలోని టేపుతో ముందు నా ఒంటి మీద వదులుగా వేలాడే షేర్వానీ నడుమునూ, తర్వాత దాన్ని బిగించి పట్టి నా నడుమునూ కొలిచాడు.

"చెయ్యి తియ్యి!" అని అరిచాను.

"జర ఆగు దొరా. అంగీ కన్న నువ్వు నాలుగు అంగుళాలు తక్కువున్నవ్. కొవ్వు పోయి కండ పట్టింది. కాంటకు రెండూ ఒక్కటే, దాన్ని తంతే ఏమొస్తది?"

అడగకుండా నా ఒంటి మీద చెయ్యి వేసినవాడు అతనొక్కడే. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. నడక మాత్రం మానలేదు. ఆ నెలలోనే, ఇక ఎక్కేది లేదని నా గుర్రాన్నీ బగ్గీనీ తాండూరులో అమ్మేశాను.