నేరేడువలస గోడ మీద తాత పేరు

ఈ ప్రయాణానికి కారణం మా మేనత్త పైడమ్మ కోపం. రంగూన్ నుంచి బగో వెళ్ళే దారిలో, మనవాళ్ళు నేరేడువలస అని పిలుచుకునే పాత తెలుగు ఊరుంది. అక్కడి ఊడ్పుల పాట వినడానికి ఇప్పటికీ జనం వెళ్తుంటారు. ఆ పాట కట్టింది మా తాత సింహాద్రి. దాన్ని సత్రం గోడ మీద రాయిస్తూ కింద 'కట్టినవారు తెలియదు' అని పెడుతున్నారని కబురొచ్చింది. అత్త అగ్గిమీద గుగ్గిలమైంది.

"తెలీదా? మా నాయినకి పేరు నేదేటి? పద, ఎల్దాం!"

ఉదయం ఆరింటికి రంగూన్‌లోని మా పేట పజుండౌంగ్‌లో సైకిల్ రిక్షా ఎక్కాం. ఆరూ నలభై రైలు ఏడూ పదికి కదిలింది. టికెట్ల కంటే స్టేషన్ బయట తిన్న మొహింగాకే ఎక్కువైంది. చేపల పులుసులో సేమ్యా అనుకోండి, తినకుండా మాత్రం బయల్దేరకండి. చెక్క బెంచీ మీద నా నడుం పట్టేసింది. పక్కనున్న బర్మా ఆవిడ, "పాట ఊరికా? వానలో తడుస్తూ వినండి, అప్పుడే బాగుంటుంది" అంది.

ఆవిడ దిగిపోయాక అత్త నా చెవిలో, "పిల్లా, ఎవులికీ సెప్పకు. నాయిన పేరున్న ఆకరి సరణం నాకు గుర్తు నేదే" అంది.

పాటలో తాత పేరు వచ్చేది అక్కడొక్కచోటే. మడి ఆఖరి గట్టు చేరినప్పుడే ఆ చరణం పాడాలి, ముందే పాడితే పంట దక్కదని కట్టడి. పెళ్ళై ఊరు విడిచాక అత్త మడిలో దిగిందే లేదు. ఇన్నాళ్ళూ నేను పెన్ను పట్టుకుని బతిమాలితే కట్టడి పేరు చెప్పి తప్పించుకున్నది ఇందుకన్నమాట!

పదింటికి దిగాం. అక్కడినుంచి కాలవగట్టు మీద ముప్పావుగంట నడక. చెప్పులు చేత్తో పట్టుకోవాల్సిందే, అంత బురద. ఒకవైపు కొంగలు, మరోవైపు తాటిచెట్ల వెనక తెల్లటి పగోడా. కాళ్ళు జారినా కళ్ళకు పండగే.

సత్రం దగ్గర పెయింటరు కో రాజు (బర్మా భాషలో 'కో' అంటే అన్న) నిచ్చెన మీదున్నాడు. 'తెలియదు' అని అప్పటికే రాసేశాడు. మూడింటి రైలుకి వెళ్ళిపోతాడట. పని చేయిస్తున్న ఊరిపెద్ద లచ్చమ్మ అత్తను కూర్చోబెట్టింది.

"మేం సగం మడికే టీ తాగీసి పాట ఆపేత్తన్నాం. ఆకరి సరణం ఎవులికీ రాదు. నువ్వు పాడితే పేరెట్టించేత్తాను" అంది.

"మడిలో దిగితేనే వత్తాది" అని అత్త లేచింది.

సత్రం వెనక మడిలో ఆడవాళ్ళు ఊడుస్తున్నారు. అత్త లుంగీ ఎగ్గట్టి అందులో దిగిపోయింది.

"అత్తా, మోకాళ్ళు!"

"నోర్ముయ్యే!"

మొదటి వరస పాములా మెలికలు తిరిగింది. "అవ్వా, నీ నారు తాగొచ్చినట్టున్నాది!" అని ఒకామె నవ్వింది. మూడో వరసకి అత్త చేతులు వాటంతటవే ఆడసాగాయి. లచ్చమ్మా దిగి పాట ఎత్తుకుంది. వాన మొదలైంది. టీ వచ్చిందని ఎవరో కేకేశారు. అత్త తల ఎత్తలేదు, దాంతో మిగతావాళ్ళూ ఆగలేదు. గట్టు మూరెడు దూరంలో ఉండగా అత్త గొంతు లేచింది.

"గట్టు చేరిన కాళ్ళకి దండాలమ్మా
మెట్ట దాటిన నీళ్ళకి దండాలమ్మా
పెట్టిన నారంతా పచ్చగుండాలమ్మా
గట్టిగా పాడండి, సింహాద్రి పాటమ్మా!"

"మాయమ్మ ఇదే పాడీది!" అని లచ్చమ్మ బురద చేతులతోనే అత్తను వాటేసుకుంది. అందరూ ఆ చరణం అందుకుని మూడుసార్లు పాడారు. నేను గట్టు మీద నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను, ఏడ్చాను కూడా.

ఒంటిగంటన్నరకి కో రాజు 'తెలియదు' చెరిపేసి తాత పేరు తెలుగులో, కింద బర్మా భాషలో రాశాడు. "అచ్చరాలు పెద్దవి ఎయ్యి బాబూ" అని అత్త కింద నుంచి అజమాయిషీ. లచ్చమ్మ ఇంట్లో గోంగూర, ఎండుచేపలతో భోజనం చేసి నాలుగింటి రైలు ఎక్కాం.

వెళ్ళేవాళ్ళు ఊడ్పుల నెలలో వెళ్ళండి. గోడ చదివి తిరిగొచ్చేయకండి, మడిలో దిగండి. ఒళ్ళు నొప్పులు రెండ్రోజుల్లో పోతాయి, ఆ పాట పోదు. తిరుగు రైల్లో ఎవరో అత్త బురద బట్టలు చూసి, "ఎవరమ్మా మీరు?" అని అడిగారు.

"సింహాద్రి కూతుర్ని" అని మొదలుపెట్టింది. రంగూన్ చేరేసరికి ఆ పెట్టెలో సింహాద్రి ఎవరో తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు.