ఎడమ చెంపకు ఇత్తడి రేకు

మా మేస్త్రీ గారు పోయారని పొద్దున మైపాడు బస్సు కండక్టరు చెప్పాడు. అప్పుడు నా చేతిలో ఆకురాయి ఉంది. ఇత్తడి పట్టీ అంచు రుద్దడం ముగించి, నా కొట్టం తలుపు వేసి బయల్దేరాను. పని సగంలో వదిలేసి వస్తే ఆయనే తిట్టేవారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. మైపాడు రోడ్డులో ఆయనకొక రేకుల కొట్టం, అందులో నాటు తుపాకుల మరమ్మతు. మూతిలోంచి మందు పోసి, ఊచతో దట్టించి కాల్చేవి. పందుల్ని తోలడానికి రైతులు లైసెన్సు మీద పెట్టుకునేవి. పాత గొట్టానికి కొత్త కర్ర చెక్కి, ఇత్తడి, ఇనప సామాను బిగించడం మా పని. నేను బడికి పోలేదు. అక్షరాలు సామాను చుట్టి వచ్చిన పత్రిక కాగితాల్లో నేర్చుకున్నాను. పని ఆయన దగ్గర.

ఏ సామానునూ ఆయన సుత్తితో దించేవారు కాదు. పట్టీకి దీపం పొగ పట్టించి, కర్రలో తొలిచిన గాడిలో అద్ది తీసేవారు. ఎత్తుగా ఉన్నచోటే మసి అంటుకుంటుంది. అక్కడ మాత్రం ఉలితో గీకి, మళ్లీ అద్దేవారు. “కొడితే దిగదబ్బయ్యా, పగులుద్ది,” అనేవారు.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు తోటపల్లి గూడూరు ఆసామి ఒకాయన కర్ర పగిలిన తుపాకి తెచ్చాడు. పందులు కోతకొచ్చిన మళ్లలో పడుతున్నాయి, త్వరగా కావాలన్నాడు. మేస్త్రీ గారు కొలత కోసం కొత్త కర్రను ఆసామి భుజానికి ఆనించబోయి ఆగారు.

“కాల్చేది మీరేనా అయ్యా?”

“నేనెందుకు కాలుస్తా? మా కావలోడు.”

“ఆయన్ని పంపించండి.”

“వాడేమన్నా పెళ్లికొడుకా, కొలతలు తీసేదానికి? తుపాకి నాది.”

“తుపాకి మీదే. దానికి ఆనించే మొహం ఆయనది.”

నాకు ఒళ్లు మండింది. “అయితే మీరే కాల్చుకోండి,” అన్నాను ఆసామితో.

“ఉలి కింద పెట్టి మాట్లాడబ్బయ్యా,” అన్నారు మేస్త్రీ గారు, నా వైపు తిరక్కుండానే.

ఆసామి కోవూరులో చేయించుకుంటానని లేచాడు. మేస్త్రీ గారు కర్రను గోడకు చేరేసి వేరే పని అందుకున్నారు. ఆసామి కాసేపు నిలబడి, తిట్టుకుంటూ తుపాకి అక్కడే వదిలి వెళ్లాడు.

మర్నాడు కావలివాడు వచ్చాడు. అతనికి కుడి కన్ను లేదు. కర్ర చేతికిస్తే ఎడమ భుజానికి ఎత్తాడు. మందు అంటించే చిన్న రాగి టోపీ తుపాకికి కుడివైపు పేలుతుంది. కుడి భుజం నుంచి కాల్చేవాడికి ఆ నిప్పు అవతలి పక్క. ఎడమ చెంప ఆనించే ఇతనికి, ఉన్న ఒక్క కంటి మీదికే నేరుగా.

“ఇన్నాళ్లూ ఎట్టా కాల్చినావు నాయనా?”

“కన్ను మూసుకోని.” అతను నవ్వాడు. “పందులకు తెలవదు గదా.”

మేస్త్రీ గారు నవ్వలేదు. ఇత్తడి రేకు కోసి, నిప్పుకూ అతని కంటికీ మధ్య వాలుగా నిలబడేట్టు కర్రలో దించారు. పొగ పట్టించడం, అద్దడం, గీకడం. మధ్యమధ్య చెంపకు ఆనించమనేవారు. పొద్దు వాలేసరికి అతని ఎడమ చెంపంతా మసి. ఆసామి ఆ రేకు చూసి, “ఇదేం సొగసు?” అన్నాడు. నేను ఉలి కింద పెట్టాను.

నా కోపం ఇంకా పోలేదు. పోవాలనీ లేదు. దాన్ని చేతిలో పనిముట్టు లేనప్పుడే వాడాలని నేర్పినందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

కాటి దగ్గరికి ఆసాములెవరూ రాలేదు. కావలివాడు నడిచి వచ్చాడు. సముద్రం గాలి తిరిగి, పొగ మా మీదికి వచ్చింది. అందరం కళ్లు మూసుకుని మొహాలు తిప్పుకున్నాం. నేను కళ్లు తెరిచేసరికి అతను కదలకుండా ఉన్నాడు. అరచేతిని ఎడమ కంటి ముందు వాలుగా నిలబెట్టి, ఆ కన్ను తెరిచే ఉంచి, మంట వైపు చూస్తున్నాడు.